అప్పులిచ్చు కంపెనీలో వాటా కొనవచ్చునా?



ఇంటి వ్యయము పోగా మిగిలిన సొమ్మును నిలువ చేయుటకు మన పెద్దలెరిగిన మార్గములు కొన్నియే. బంగారము కొనిరి, భూమి కొనిరి, చిట్టీ వేసిరి, పోస్టాఫీసులో దాచిరి. ఇప్పుడు వీనికి తోడు కంపెనీల వాటాలు, అనగా షేర్లు, మన గడప దాక వచ్చి నిలిచినవి. పూర్వము వాటాల వ్యాపారము బొంబాయి షావుకార్లకే యెరుకయైన విద్య. నేడు చేతిలోని ఫోనుతోనే డీమ్యాటు ఖాతా తెరచి, పోపు వేగులోపల పది వాటాలు కొనవచ్చును. కొనుట సులభమైనంతగా, కొనదగినదా కాదా యని విమర్శించుట సులభము కాలేదు. ఆ విమర్శయే ఈ వ్యాసమునకు విషయము. అందును అన్ని కంపెనీల మాటయు కాదు. అప్పులిచ్చి వడ్డీతో జీవించు కంపెనీలను గూర్చి మాత్రమే వ్రాయుచున్నాను.

ఇట్లెన్నుకొనుటకు కారణము కలదు. మా వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో ఏ వీధికి పోయినను గల్ఫు దేశములకు వెళ్లిన మగవారి యిండ్లు కనబడును. అచ్చటి యెండలో వారు కష్టపడి పంపిన సొమ్ము ఇల్లాలి ఖాతాలో పడును. కొందరిండ్లలో బీడీలు చుట్టిన కూలియు, కొందరిండ్లలో మరమగ్గముల కూలియు దానికి తోడగును. ఈ సొమ్మును చూచి, “బ్యాంకులో వేసిన నేమి వచ్చును? ఫలానా ఫైనాన్సు కంపెనీ షేరు కొనుము, రెండేండ్లలో రెట్టింపగును” అని బోధించువారు బంధువులలోను ఫోనులలోను బయలుదేరినారు. బోధించినవాని సొమ్ము పోదు. పోయినచో పోవునది ఇంటివాని నాలుగేండ్ల ప్రవాసము, ఆడుబిడ్డ పెండ్లి, పిల్లవాని చదువు.

నీతిశాస్త్రకారులు ధనము విషయమున మూడు పనులు చెప్పుదురు: సంపాదించుట, సంరక్షించుట, వృద్ధి చేయుట. సంరక్షణము వృద్ధికి ముందున్నదని గమనింపుడు. వేయేండ్లకు పూర్వము మా వేములవాడ చాళుక్యుల యాశ్రయమున నుండిన సోమదేవసూరి తన నీతివాక్యామృతమున అర్థమును గూర్చి ప్రత్యేకముగ ఒక ప్రకరణమే వ్రాసెను. రాజులకు చెప్పిన నీతియైనను గృహిణికిని పనికి వచ్చునదే.

వాటా వేరు, డిపాజిటు వేరు

మొదట ఒక భేదము తెలిసికొనవలయును. బ్యాంకులో డిపాజిటు వేసిన వారు ఆ బ్యాంకునకు అప్పిచ్చినవారు. వాటా కొన్నవారు ఆ బ్యాంకునకు భాగస్వాములు. లాభము వచ్చిన నాడు అప్పిచ్చినవానికి నిర్ణయించిన వడ్డీ మాత్రమే వచ్చును. భాగస్వామికి మిగిలినదంతయు చెందును. నష్టము వచ్చిన నాడో, ముందుగా భాగస్వామి సొమ్మే కరగిపోవును. అప్పులవారందరికి తీరిన పిమ్మట నేమైన మిగిలినచో అది యాతనిది.

ఇది పుస్తకముల మాట మాత్రమే కాదు. హైదరాబాదులో 1994 వ సంవత్సరమున గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు స్థాపింపబడెను. దాని వాటాలు జనులకు అమ్మజూపినపుడు వానికై వచ్చిన దరఖాస్తులు అమ్మదలచిన వాటాలకు అనేక రెట్లు. పదియేండ్లు తిరిగినవి. మొండి బకాయిలు పెరిగి మూలధనమును మ్రింగివేసినవి. 2004 జూలై నెలలో ప్రభుత్వము దాని లావాదేవీలపై మారటోరియము విధించెను. ఆగస్టు 14 వ తేదీన ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిసిపోయెను. డిపాజిటుదారులకు వారి సొమ్ము నిలిచెను. వాటాదారులకు ఒక్క రూపాయియు దక్కలేదు. ఒకే బ్యాంకు, ఒకే దినము. కాని చేతిలో నున్న కాగితమును బట్టి ఒకరు గట్టెక్కిరి, ఒకరు మునిగిరి.

ఇప్పుడు బ్యాంకు డిపాజిటులకు, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలును వడ్డీయు కలిపి 5 లక్షల రూపాయల వరకు, భీమా కలదు. 2020 ఫిబ్రవరి నుండి ఈ మొత్తము అమలులోనికి వచ్చెను. వాటాలకు అట్టి భీమా ఏదియు లేదు. కనుక “ఇదియు బ్యాంకే, అదియు బ్యాంకే” యని ఎవరైన ననినచో, “నేను అప్పిచ్చుచున్నానా, భాగస్వామినగుచున్నానా?” యని మనము మొట్టమొదట అడుగవలయును.

లాభము ఎచ్చటినుండి వచ్చును?

అప్పులిచ్చు కంపెనీ వాటాను తూచుటకు దాని లాభము ఎట్లు పుట్టునో తెలియవలయును. ఇంటిలెక్కగా చూతము. ఒక కంపెనీ సొంతముగా 100 రూపాయల మూలధనము పెట్టినదనుకొందము. బ్యాంకులయొద్ద మరి 400 రూపాయలు నూటికి 12 వడ్డీకి తెచ్చినది. మొత్తము 500 రూపాయలను నూటికి 24 వడ్డీకి జనులకు అప్పులిచ్చినది. ఏటికి వచ్చు వడ్డీ 120 రూపాయలు. బ్యాంకులకు కట్టవలసినది 48. జీతములకు, అద్దెలకు, తిరుగుడు ఖర్చులకు 42. మిగిలినది 30 రూపాయలు. పెట్టిన నూటికి ముప్పది లాభము! వినుటకు ఇంపుగా నున్నది కదా. ఈ ముప్పదిని జూచియే వాటాల బజారులో ధర పైకెగయును.

ఇప్పుడు రెండవ వైపు చూతము. ఇచ్చిన అప్పులలో పదింట ఒకటి రాలేదనుకొందము. 500లో 50 రూపాయలు పోయినవి. ఆ యేటి లాభము ముప్పదియు తుడిచిపెట్టుకొనిపోయి, మూలధనములో మరి ఇరువది తరిగినది. నాలుగింట ఒకటి రానిచో? 125 రూపాయలు నష్టము. లాభము పోగా సొంత నూరు రూపాయలలో తొంబదియైదు పోయినవి. బ్యాంకులనుండి తెచ్చిన నన్నూరు మాత్రము తీర్చి తీరవలయును. అరువు సొమ్ముతో పెరిగిన లాభము అరువు సొమ్ముతోనే పడిపోవునని దీని భావము. రాని యప్పులపై వడ్డీని గూడ లెక్కలోనికి తీసికొన్నచో నష్టము ఇంకను పెద్దదగును.

కావున ఇట్టి కంపెనీ ప్రాణమంతయు ఒక్క ప్రశ్నలో నున్నది: అప్పు తీసికొన్నవారు తిరిగి కట్టగలరా? మేడలలో కూర్చున్న కచేరీవారి ప్రకటనలలో కాక, అప్పు తీసికొన్నవారి వాకిట దీనికి సమాధానము దొరకును. ఇందులకు మన తెలుగుదేశమున జరిగిన కథయే తార్కాణము.

మన యాడువాండ్ర కిస్తీలు, బొంబాయి బజారు

మెదకు జిల్లా నారాయణఖేడు ప్రాంతమున, 1997 లో విక్రం ఆకుల స్థాపించిన సంస్థ యొకటి పేద స్త్రీలకు చిన్న యప్పు లిచ్చుచుండెను. ఆదిలో అది లాభాపేక్ష లేని సేవాసంస్థ. 2005 నాటికి అది ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ అను లాభార్జన కంపెనీ రూపమున వడ్డీ వ్యాపారమునకు దిగెను. పద్ధతి మన కెరుకయైనదే: ఐదుగురు స్త్రీలు ఒక గుంపు, ఒకరికొకరు జమానతు, తాకట్టు లేదు, వారము వారము కిస్తీ. 2010 నాటికి దేశమంతటను దానికి అరువది లక్షలకు పైగా సభ్యురాండ్రు కలిగిరి. 2009–10 సంవత్సరమున సుమారు 174 కోట్ల రూపాయల లాభము వచ్చెను.

2010 జూలై చివరను, ఆగస్టు మొదటను, ఈ కంపెనీ పది రూపాయల ముఖవిలువ గల వాటాను 985 రూపాయలకు జనులకు అమ్మెను. దరఖాస్తులు అమ్మదలచిన వాటాలకు పదిరెట్లు మించినవి. ఆ ధరను బట్టి కంపెనీ మొత్తపు విలువ దాని యేటి లాభమునకు సుమారు నలువది రెట్లు. అనగా లాభము పెరుగక అట్లే నిలిచినచో, పెట్టిన సొమ్మునకు సమానమైన లాభము రాబట్టుటకు నలువదియేండ్లు పట్టును. కొన్నవారు అట్లు లెక్కింపలేదు. లాభము ఏటేట రెట్టింపగునని నమ్మిరి. ఆగస్టు 16 వ తేదీన వాటాల బజారున ప్రవేశించిన యీ వాటా సెప్టెంబరులో 1,400 రూపాయలు దాటెను.

ఆ దినములలో మన పల్లెలలో జరుగుచున్నదేమి? ఒకే స్త్రీ మూడు నాలుగు కంపెనీలయొద్ద అప్పు తీసికొనుచుండెను. ఒక కంపెనీ కిస్తీ కట్టుటకు ఇంకొక కంపెనీయొద్ద అప్పు. ఆ రెంటికి చాలక గ్రామములోని షావుకారు మిత్తి. కట్టలేని దాని యింటి ముందు గుంపులోని తోడివారే కూర్చుండవలసి వచ్చెను. కంపెనీల లెక్కలలో మాత్రము నూటికి తొంబదియెనిమిది తొంబదితొమ్మిది వంతుల కిస్తీలు వచ్చుచున్నవని యుండెను. లెక్క అబద్ధము కాదు. కిస్తీలు నిజముగనే వచ్చుచుండెను. కాని అవి కూలినుండి కాక క్రొత్త యప్పునుండి వచ్చుచున్నవన్న సంగతి ఆ లెక్కలో లేదు. నీళ్లబావి దగ్గర నిలిచిన యాడువారికి తెలిసినది బొంబాయి పండితులకు తెలియలేదు.

అప్పులవారి ఒత్తిడి వలన ఆత్మహత్యలు జరిగినవని పత్రికలలో వార్తలు వెలువడెను. 2010 అక్టోబరు మధ్యలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. డిసెంబరులో అది చట్టమయ్యెను. కంపెనీలు జిల్లా యధికారులయొద్ద నమోదు కావలయుననియు, ఇంటి ముంగిట కాక పంచాయతీ కచేరీ వంటి బహిరంగ స్థలముననే వసూలు చేయవలయుననియు, వడ్డీ మొత్తము అసలును మించరాదనియు నియమములు విధించెను. ఈ కడపటి నియమము క్రొత్తది కాదు. వడ్డీతో కూడి అప్పు అసలునకు రెట్టింపును మించరాదని మన ధర్మశాస్త్రములు ఏనాడో చెప్పియున్నవి. కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయము చదివినవారికి ఋణ వ్యవహారములు మన ప్రాచీనులకు ఎంతటి యాలోచనా విషయములో తెలియును.

చట్టము రాగానే వసూళ్లు నిలిచిపోయినవి. ఆ కంపెనీ యిచ్చిన యప్పులలో నాలుగవ వంతునకు మించి మన రాష్ట్రముననే యుండెను. నేను పైన చూపిన లెక్కలోని “నాలుగింట ఒకటి” ఇదియే. 2011–12 సంవత్సరమున కంపెనీకి సుమారు 1,360 కోట్ల రూపాయల నష్టము వచ్చెను. వాటా లమ్మిన ముందటి యేటి లాభమునకు ఇది ఇంచుమించు ఎనిమిది రెట్లు. 2011 నవంబరులో స్థాపకుడు కంపెనీని వీడెను. 2012 లో వాటా ధర 100 రూపాయలకు దిగువకు జారెను. లక్ష రూపాయలు పెట్టినవారికి పదివేలు కూడ నిలువని స్థితి.

కథ అచ్చట ముగియలేదు. కంపెనీ ఇతర రాష్ట్రములలో నిలద్రొక్కుకొని, 2016 లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకొనెను. 2019 జూలైలో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయెను. వేయి వాటాలకు ఆ బ్యాంకు వాటాలు 639 ఇచ్చిరి. నాటి ధరలను బట్టి చూచినచో, 985 పెట్టి కొని తొమ్మిదేండ్లు ఓర్చినవానికి కొన్న ధరకు చేరువగా మాత్రమే వచ్చెను. ఆ తొమ్మిదేండ్లు పోస్టాఫీసులో నుంచినను సొమ్ము రెట్టింపునకు దగ్గర పడియుండును. 2012 లో నూరు లోపల కొన్నవారికి మాత్రము అనేక రెట్లయ్యెను. కంపెనీ ఒకటే, కొన్న ధర వేరగుటచే ఫలము వేరయ్యెను. ఆ ఇండస్‌ఇండ్ బ్యాంకు వాటా సయితము, లెక్కలలో తేడాలు బయటపడుటచే, 2025 మార్చి 11 వ తేదీన ఒక్క దినముననే నూటికి సుమారు 27 వంతులు పడిపోయెను.

కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

ఈ కథనుండి ఐదు ప్రశ్నలు తీయవచ్చును. కూరగాయలు కొనునపుడు వంకాయను త్రిప్పి చూచునట్లే వీనిని వరుసగా అడిగి చూడవలయును. సమాధానములు కంపెనీ వార్షిక నివేదికలోను, మూడు నెలలకొకమారు ప్రకటించు ఫలితములలోను, క్రొత్త వాటాలైనచో ప్రాస్పెక్టసులోను దొరకును. ఇవి యన్నియు ఉచితముగ చదువుకొనదగినవే. ఆంగ్లములో నున్నను ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత చదివించుకొనవచ్చును.

మొదటి ప్రశ్న: ఎవరికి, దేనిపై అప్పులిచ్చుచున్నది? బంగారము కుదువబెట్టుకొని యిచ్చునదా, ఇంటిపై నిచ్చునదా, ఏమియు లేక మాటపై నిచ్చునదా? అప్పులన్నియు ఒకే రాష్ట్రమున, ఒకే రకము జనులకు ఇచ్చినచో ఒక్క చట్టము, ఒక్క కరవు, ఒక్క యెన్నికల వాగ్దానము దానిని ముంచగలదు. గుడ్లన్నియు ఒక బుట్టలో పెట్టిన కోడికథ కాదిది. బుట్ట మోయునది మనము కాదన్నదే దీనిలోని భయము.

రెండవ ప్రశ్న: మొండి బకాయిలెన్ని? తొంబది దినములు దాటి కట్టని యప్పును బ్యాంకులు మొండి బకాయిగా వ్రాయును. నూటికి ఎంత యున్నదో, గత నాలుగైదేండ్లుగా పెరుగుచున్నదో తరుగుచున్నదో చూడవలయును. ఒక చిన్న మోసము కలదు. ఏటేట అప్పులు రెట్టింపు చేయుచున్న కంపెనీకి మొండి బకాయి నూటికి తక్కువగనే కనబడును. ఏలనన క్రొత్తగా ఇచ్చిన యప్పు చెడుటకు ఇంకను కాలము రాలేదు. కాబట్టి అతివేగముగ పెరుగు కంపెనీని జూచి సంతోషించుటకు ముందు సందేహింపవలయును. “రాని బాకీ” యని కొట్టివేసిన మొత్తములను గూడ కలిపి చూడవలయును.

మూడవ ప్రశ్న: సొంత మూలధనమెంత? చిన్న యప్పుల కంపెనీలకు, అపాయమును బట్టి లెక్కించిన యప్పులలో నూటికి 15 వంతులకు తక్కువ కాకుండ మూలధన ముండవలయునని రిజర్వు బ్యాంకు నియమము. మన లెక్కలోని కంపెనీకి నూటికి ఇరువది యున్నది. అయినను నాలుగింట ఒకటి చెడినపుడు నిలువలేకపోయెను. ఈ యంకె నియమమునకు మించి యెంత యున్నదో, వర్షాకాలమునకు అటుకమీద దాచిన ధాన్యమువలె భావింపవలయును.

నాలుగవ ప్రశ్న: ధర తగినదేనా? కంపెనీ ఆస్తులలోనుండి అప్పులు తీసివేయగా మిగిలిన దానిని వాటాల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క వాటాకు గల పుస్తక విలువ వచ్చును. ఏటి లాభమును భాగించినచో వాటాకు వచ్చు లాభము తెలియును. బజారు ధర ఈ రెంటికి ఎన్ని రెట్లున్నదో చూడవలయును. ఇంచుమించు ఒకే వ్యాపారము చేయు రెండు మూడు కంపెనీలతో పోల్చినచో ఎక్కువ తక్కువలు తెలియును. చవుకయైన ప్రతి వాటాయు మంచిది కాదు. పుస్తక విలువకు సగము ధరకే దొరకుచున్నదన్నచో, ఆ పుస్తకములోని యప్పులు సగము రావని బజారు భయపడుచున్నదని యర్థము కావచ్చును.

ఐదవ ప్రశ్న: నడుపువారు ఎట్టివారు? పైన చెప్పిన 2010 అమ్మకమున వాటాలలో సగమునకు మించినవి కంపెనీకి క్రొత్త మూలధనము తెచ్చినవి కావు. పాత వాటాదారులు తమవి అమ్ముకొన్నవి. లోపలివారు వెలుపలికి వచ్చుచుండగా మనము లోపలికి పోవుట ఎందులకో ఆలోచింపవలదా? అంతియ కాదు. బజారున ప్రవేశించిన రెండు నెలలలోపలనే ఆ కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారిని తొలగించిరి. లెక్కలు తనిఖీ చేయు ఆడిటరు నడుమ రాజీనామా చేయుట, యజమానులు తమ వాటాలను కుదువబెట్టి సొంత యప్పులు తెచ్చుకొనుట గూడ ఇట్టి సూచనలే. రేటింగు సంస్థలు ఇచ్చు మార్కులే చాలుననుకొనరాదు. ఇండ్లకు అప్పులిచ్చిన దివాన్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి 2019 ఆరంభము వరకు ఉత్తమమైన రేటింగు ఉండెను. 2021 లో ఆ కంపెనీ చేతులు మారినపుడు పాత వాటాదారుల కేమియు దక్కలేదు.

మంచి సంస్థ, మంచి వాటా

“గొప్ప పేరున్న సంస్థ కదా, భయమేల?” యని కొందరందురు. పేరును వాటాను వేరుగ చూడవలయును. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మన జాతికి గర్వకారణమైన సంస్థ. 1980 లో జాతీయము చేయబడెను. ఎన్ని కుటుంబములకు అది అన్నము పెట్టినదో చెప్పనలవి కాదు. అయినను 2019 మార్చి నాటికి అది యిచ్చిన యప్పులలో నూటికి పదియారు వంతులు మొండి బకాయిలైనవి. 2020 ఏప్రిలు 1 న అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసినపుడు వేయి వాటాలకు యూనియన్ బ్యాంకు వాటాలు 325 ఇచ్చిరి. డిపాజిటుదారుల కే కష్టమును కలుగలేదు. పేరుపై ప్రేమతో వాటా కొన్నవారికి మాత్రము ప్రేమయే మిగిలెను. పుట్టినింటిపై నెంత ప్రేమ యున్నను అన్నగారికి అప్పిచ్చునపుడు నోటు వ్రాయించుకొందుము కదా, ఇదియు నట్టిదే.

ఇంత వ్రాయుట చూచి నేను వాటాలు కొనవలదని చెప్పుచున్నానని తలపవలదు. బాగుగ నడుచు బ్యాంకుల వాటాలు దీర్ఘకాలమున కొన్నవారిని సంపన్నులను చేసిన మాట సత్యము. కాని క్రమము తప్పరాదు. ఇంటిల్లిపాదికి ఆరు నెలల గ్రాసమునకు తగిన సొమ్ము బ్యాంకులో నుండవలయును. ఎక్కువ మిత్తి అప్పు లేమైన నున్నచో ముందు తీర్చవలయును. తీర్చిన యప్పునకు మించిన నమ్మకమైన లాభము వేరొకటి లేదు. ఐదారేండ్ల లోపల కావలసిన పెండ్లి సొమ్ము, చదువు సొమ్ము వాటాలలో పెట్టరాదు. ఇవి యన్నియు పోగా మిగిలినదానిలో కొంత భాగమును, అదియు ఒకే కంపెనీలో కాక, పెట్టవచ్చును. అంతటి విమర్శకు తీరిక లేనివారు అనేక కంపెనీల వాటాలను కలిపి కొను మ్యూచువల్ ఫండు ద్వారా పోవుట మేలు. అప్పు తెచ్చి, లేక బంగారము కుదువబెట్టి వాటా కొనుట ఏ కాలమునను వలదు.

సంతకము మీది

ఇంకొక మాట. పన్ను తగ్గుననియో, భర్త పరదేశమున నున్నాడనియో, నేడు అనేక గృహములలో డీమ్యాటు ఖాతా ఇల్లాలి పేర తెరచుచున్నారు. వ్యవహారము నడుపువాడు మరిదియో, మేనల్లుడో. ఫోనునకు వచ్చిన అంకెలను ఆమె చదివి చెప్పును. ఏమి కొన్నారో ఏమి అమ్మినారో ఆమె యెరుగదు. స్త్రీధనమును భర్తయైనను కరవు, వ్యాధి మొదలగు ఆపదలందే తీసికొనవచ్చునని స్మృతికారులు కట్టడి చేసినారు. అంతటి రక్షణము పెద్దలు కల్పించిన సొమ్మును, ఫోనులో వచ్చిన ఆరంకెలు చెప్పి ఒక్క నిమిషములో ఇతరుల చేతిలో పెట్టుట తగునా? “నాయనా, పై ఐదు ప్రశ్నలకు సమాధానము చెప్పి కొనుము” అని మేనల్లుని అడుగుటలో మర్యాదలోప మేమియు లేదు. చెప్పగలిగినచో వాని తెలివికి సంతోషింతము; చెప్పలేనిచో సొమ్ము నిలుచును.

ఈ సంగతి నేడు మరల అవసరమైనది. 2022 ఏప్రిలు నుండి రిజర్వు బ్యాంకు క్రొత్త నియమములు తెచ్చెను: చిన్న యప్పులు తీసికొను కుటుంబము నెలకు కట్టవలసిన కిస్తీలన్నియు కలిపి దాని నెల యాదాయములో సగమును మించరాదు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులో నున్న యిట్టి కంపెనీలకు ఆ వెనుకటి రాష్ట్ర చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. ద్వారములు మరల తెరువబడినవి. ఒక ద్వారమున అప్పిచ్చు కంపెనీ ఉద్యోగి పేదయింటి స్త్రీని పిలుచును. ఇంకొక ద్వారమున అదే కంపెనీ వాటాను కొనుమని కలిగినయింటి స్త్రీని బజారు పిలుచును.

ఈ రెండు ద్వారములును ఒకే యింటివని మరువరాదు. వాటా కొన్నవారికి వచ్చు లాభము, వారము వారము ఆ పేద స్త్రీ చేతినుండి వచ్చిన కిస్తీలోనిదే. ఆమె బీడీల కట్టలు, ఆమె పాడిగేదె, ఆమె మగ్గము నిలిచియున్నంత వరకే ఆ లాభము నిలుచును. ఆమెకు మోయలేని యప్పు మోపిన కంపెనీ ధర్మమునకే కాదు, తన వాటాదారులకును ద్రోహము చేయుచున్నది. కనుక అట్టి కంపెనీ వాటా కొనదలచినపుడు దాని నివేదిక చదివిన పిమ్మట, మీ యింటికి పాలు పోయునామెను, బీడీల కార్ఖానాకు పోవునామెను ఒకమారు పలుకరింపుడు. “అక్కా, కిస్తీ దేనితో కట్టుచున్నావు?” అని యడుగుడు. “కూలితో” ననినచో ఆ వ్యాపారమునకు పునాది యున్నది. “ఇంకొక యప్పుతో” ననినచో, ఆ వాటా ధర ఎంత పైకి పోవుచున్నను మన సొమ్ము మన పెట్టెలో నుండుటయే మేలు. ఇట్లు అడిగి తెలిసికొనుట మనకు క్రొత్త విద్య కాదు. దానిని కాగితముల వ్యవహారమునకును ఉపయోగింతురు గాక యని సోదరీమణులను వేడుచున్నాను.